పెద్ద కత్తికి ఒర: అట్టతోనా, పీవీసీ పైపుతోనా?

ఖర్చు రెండింటికీ పెద్దగా ఉండదు. మందపాటి అట్ట, డక్ట్ టేపు ఉంటే కాసేపట్లో ఒర తయారు. అయితే కత్తిని రెండు అట్టముక్కల మధ్య పెట్టి చుట్టేస్తే సరిపోదు. పదును వైపు అంచు పొడవునా మరో రెండు మూడు పొరల అట్టపట్టీ దూర్చాలి, లేదంటే పదును టేపును కోసుకుని బయటికొస్తుంది. అసలు తంటా తడితోనే. అట్ట చెమ్మ పీల్చుకుని వదలదు, కత్తి లోపలే తుప్పు పడుతుంది.

పీవీసీ పైపుకి ఆ బెడద లేదు. చదును చేస్తే దాని వ్యాసానికి సుమారు ఒకటిన్నర రెట్ల వెడల్పు వస్తుంది. 50 మిల్లీమీటర్ల పైపులో దాదాపు 70 మిల్లీమీటర్ల కత్తి పడుతుందన్నమాట. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే పైపు మెత్తబడుతుంది. హీట్ గన్‌తో అన్నివైపులా వేడిచేసి, లోపల కత్తికన్నా కాస్త మందమైన చెక్కపట్టీ ఉంచి, పైనుంచి బరువు పెట్టి చల్లారనివ్వాలి. మాడితే ఘాటైన విషవాయువు వస్తుంది, ఆరుబయటే చేయండి. కొన దగ్గర చిన్న రంధ్రం పెడితే నీళ్లు కారిపోతాయి. నడుస్తుంటే లొడలొడ చప్పుడొకటి, అది మాత్రం విసుగే.

ఒక్క ట్రిప్పుకైతే అట్ట చాలు. నడుముకి కట్టుకుని తిరిగేదైతే నా ఓటు పైపుకే. కాలుజారి పడితే కత్తి మొన అట్టను పొడుచుకొస్తుంది.