ఆర్లింగ్టన్‌లోనా, అలెగ్జాండ్రియాలోనా? నల్లజాతి సైనికుల సమాధులు ఎక్కడ చూస్తే మేలు?

వేసవి వచ్చి అమ్మానాన్నలు ఇండియా నుంచి దిగారంటే చాలు, నార్తర్న్ వర్జీనియాలో మా స్నేహితులందరిదీ ఒకటే ప్రశ్న. "వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం ఎలాగూ చూపిస్తాం. బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల సమాధులు అక్కడే చూస్తే సరిపోతుందా? పక్క ఊరు అలెగ్జాండ్రియాకి కూడా వెళ్ళాలా? చేతిలో ఒక్క పూటే ఉంది." ఈ మే నెలలో నాన్నని రెండు చోట్లకీ తీసుకెళ్ళాను. ఇక ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఆర్లింగ్టన్. కెనడీ సమాధి వైపు నడిచే జనం సెక్షన్ 27కి రారు. అది శ్మశానానికి ఉత్తరపు అంచున, ఒక గోడ పక్కన ఉంటుంది. విజిటర్ సెంటర్ నుంచి బాగానే నడవాలి, పెద్దవాళ్ళుంటే ఆగుతూ వెళ్ళండి. 1864 మే 13న ఆర్లింగ్టన్‌లో మొదటి సైనికుణ్ణి ఖననం చేసింది ఈ సెక్షన్‌లోనే. ఉత్తరాది వైపు పోరాడిన యూనియన్ సైన్యంలో నల్లజాతివాళ్ళ దళాలని 'యునైటెడ్ స్టేట్స్ కలర్డ్ ట్రూప్స్' అనేవారు. వాళ్ళలో 1,500 మందికి పైగా ఇక్కడ ఉన్నారు. న్యూ మార్కెట్ హైట్స్ పోరులో చూపిన తెగువకి అమెరికాలో అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్న సార్జెంట్ జేమ్స్ హారిస్ సమాధి కూడా ఇక్కడే ఉంది.

రాళ్ళు చిన్నవి, తెల్లవి. డాలు ఆకారంలో కాస్త లోపలికి చెక్కి, అందులో పేరు, కింద ఆ దళాల పేరు పొట్టిగా 'యు.ఎస్.సి.టి.' అన్న నాలుగక్షరాలు పైకి ఉబ్బి కనిపిస్తాయి. నాన్న మాత్రం వేరే రాళ్ళ దగ్గర ఆగిపోయారు. వాటి మీద పేరు కింద దళం నంబరు లేదు, 'సిటిజెన్', అంటే పౌరుడు అని ఒక్క మాట ఉంది. "సైనికుల శ్మశానంలో ఇదేంట్రా?" అన్నారు. బానిసత్వం నుంచి బయటపడి వాషింగ్టన్ చుట్టుపక్కలకి చేరి, ఇక్కడే చనిపోయినవాళ్ళు వాళ్ళు, దాదాపు 3,800 మంది. నల్లవాళ్ళు ఈ దేశ పౌరులు కాలేరని, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1857లో. అలాంటివాళ్ళ రాళ్ళ మీదే ఆ మాట ఉంది. అది చెప్పాక నాన్న మళ్ళీ వెనక్కి నడిచి ఆ వరస మొత్తం చదువుకుంటూ వచ్చారు.

ఆ ఒక్క మాట కోసమైనా సెక్షన్ 27 చూడాల్సిందే. కాకపోతే ఆ సమాధులు అక్కడ ఉండటం సైన్యం చేసిన ఏర్పాటు. అధికారులని, దక్షిణాది సేనాని రాబర్ట్ లీ ఒకప్పుడు ఉన్న భవనం దగ్గర, గుట్ట మీద పెట్టారు. పేద సిపాయిలకీ నల్లవాళ్ళకీ కింది అంచు ఇచ్చారు. 1948లో సైన్యంలో జాతివివక్ష వద్దంటూ అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు వచ్చేదాకా శ్మశానంలో ఈ వేరు చేయడం సాగింది. ఎవరిని ఎక్కడ పడుకోబెట్టాలో పైవాళ్ళు నిర్ణయించారు, అంతే.

అలెగ్జాండ్రియాలో కథ వేరు. నా లెక్కలో తూకం అటు మొగ్గేది కూడా ఇందుకే.

అక్కడ డ్యూక్ స్ట్రీట్ 1315 నంబరు ఇంట్లో ఒకప్పుడు మనుషుల్ని అమ్మే వ్యాపారం జరిగేది. వేలమందిని అక్కడ కట్టి ఉంచి న్యూ ఓర్లీన్స్ వైపు పంపారు. యుద్ధం వచ్చాక యూనియన్ సైన్యం ఆ చోటు స్వాధీనం చేసుకుంది. 1864లో దాని చుట్టూ నల్లజాతి సైనికుల కోసం ఆసుపత్రి వెలిసింది. హైతీ విమోచన నాయకుడి పేరు మీద దానికి లూవెర్‌చ్యూర్ ఆసుపత్రి అని పేరు పెట్టారు. పీటర్స్‌బర్గ్ పోరులో గాయపడినవాళ్ళు అక్కడ ఉండేవారు. చనిపోయినవాళ్ళని మాత్రం కొద్ది వీధుల అవతలున్న సైనిక శ్మశానానికి తీసుకెళ్ళేవారు కాదు, బానిసత్వం నుంచి బయటపడి వచ్చిన శరణార్థులకోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్ శ్మశానంలో పూడ్చేవారు.

1864 డిసెంబరు 27న ఆ ఆసుపత్రి రోగులు అర్జీ పెట్టారు. దాని మీద 443 మంది పేర్లున్నాయి. తాము శరణార్థులం కాదనీ, అమెరికా సైన్యపు సైనికులమనీ రాశారు. తెల్ల సైనికుల పక్కన నిలబడి పోరాడుతున్నాం కాబట్టి ఖననంలోనూ అదే హక్కు కావాలన్నారు. ఎవరు రాశారో ఒకసారి ఆలోచించండి. మంచం మీద గాయాలతో ఉండి, రేపో మాపో తామే శవాల బండిలో వెళ్ళాల్సినవాళ్ళు. ఆ యుద్ధంలో దాదాపు 40,000 మంది నల్లజాతి సైనికులు చనిపోతే, ముప్పాతిక మంది పోయింది జబ్బులతోనే. తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లిస్తే వీళ్ళకి 10 ఇచ్చి, బట్టలకని అందులో 3 కోసేవారు. జీతం సమానం చేస్తూ చట్టం వచ్చి అప్పటికి ఆరు నెలలే అయింది.

అర్జీ నెగ్గింది. కొత్త సంవత్సరం మొదటి నెలలోనే, అప్పటికే ఫ్రీడ్‌మెన్ శ్మశానంలో పూడ్చిన 118 మంది సైనికులని కూడా తవ్వి తీసి సైనిక శ్మశానానికి మార్చారు. ఇప్పుడు విల్క్స్ స్ట్రీట్ చివర, గోడ లోపల అలెగ్జాండ్రియా నేషనల్ సెమెటరీలో ఆ రాళ్ళు చూడొచ్చు. గోడ లోపల కూడా వాళ్ళ వరసలు వేరుగానే ఉన్నాయి, ఆ సంగతి దాచక్కర్లేదు. అయినా 443 మంది అడిగి తెచ్చుకున్న నేల అది. మాల పల్లెకీ ఊరికీ శ్మశానాలు వేరుగా ఉన్న జిల్లాలో పుట్టిన మనిషి నాన్న. ఆయనకి ఈ కథ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

డ్యూక్ స్ట్రీట్ నుంచి శ్మశానానికి పది నిమిషాల నడక. ఆ ఇల్లు ఇప్పుడు ఫ్రీడమ్ హౌస్ మ్యూజియం. ముందు అది చూసి, తర్వాత సమాధుల దగ్గరికి నడవండి. ఓపికుంటే సౌత్ వాషింగ్టన్ స్ట్రీట్‌లోని ఫ్రీడ్‌మెన్ శ్మశానం కూడా చూడండి. 1955లో దాని మీద పెట్రోల్ బంకు కట్టారు. తర్వాత అది కూల్చి, 2014లో స్మారకం ప్రారంభించారు.

వాషింగ్టన్‌లో యూ స్ట్రీట్ మెట్రో పక్కనున్న నల్లజాతి సైనికుల స్మారకం గురించీ అడుగుతారు. అది శ్మశానం కాదు. 1998లో పెట్టిన కంచు విగ్రహం, చుట్టూ గోడల మీద 209,145 పేర్లు. మెట్రో దిగగానే ఉంటుంది కాబట్టి పావుగంటలో చూసేయొచ్చు. నాష్‌విల్ నేషనల్ సెమెటరీలో, నార్‌ఫోక్‌లో కూడా నల్లజాతి సైనికుల విగ్రహాలున్నాయి. అటు వేరే పని మీద వెళ్తే చూడండి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కూడా అలెగ్జాండ్రియానే సుఖం, శ్మశానం చిన్నది. ఆర్లింగ్టన్‌కి ఎలాగూ వెళ్తున్నామంటే అక్కడ ఇంకో గంట పెట్టుకుని సెక్షన్ 27 దాకా నడవండి. ఒక్క పూటే ఉందంటే మాత్రం అలెగ్జాండ్రియానే. పేర్లు గట్టిగా చదవండి. నాన్న అలాగే చదివారు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, ఒక వరస మొత్తం.