చుక్కతో మంచు బాటలు

ఈ చలికాలం నేను, మా ఆయన, మా చుక్క కలిసి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాల్లో స్నోషూలు (మంచులో కాలు దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) కట్టుకుని తిరిగాం. చుక్క నల్ల కుక్క, 4 ఏళ్లది, 25 కిలోలుంటుంది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని ఆ పేరు పెట్టాం. మంచు కనిపిస్తే దాన్ని పట్టుకోవడం మా ఇద్దరి వల్లా కాదు. కుక్క తోడుంటే చోటు ఎంచుకునే లెక్కే మారిపోతుందని ఈ తిరుగుళ్లలో తెలిసింది. కొండ ఎంత అందంగా ఉందన్నది తర్వాతి సంగతి. దాన్ని అక్కడికి రానిస్తారా, అక్కడి మంచు దాని పాదాలకు పడుతుందా, రాత్రి అది ఎక్కడ పడుకుంటుంది, ఇవి తేలితే గానీ మిగతావి మాట్లాడుకోవడానికి లేదు.

మౌంట్ రెయినియర్ మీద నాకు ఎప్పటి నుంచో ఆశ. అక్కడి పారడైజ్ ప్రాంతం సుమారు 1,645 మీటర్ల ఎత్తులో ఉంది. 1971-72 చలికాలంలో అక్కడ 1,122 అంగుళాల మంచు కురిసింది, అంటే 28 మీటర్లకు పైనే. అయితే అది నేషనల్ పార్క్. పార్కింగ్ స్థలాల్లోకి, క్యాంపు స్థలాల్లోకి, బళ్లు తిరిగే రోడ్ల మీదికి తప్ప కుక్కల్ని దాదాపు ఎక్కడికీ రానివ్వరు. లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) వేసి పట్టుకున్నా పారడైజ్‌లో ట్రైల్ మీద, మంచు మీద అడుగు పెట్టనివ్వరు. ఆ సంగతి తెలిసే వెళ్లి, వంతులేసుకున్నాం. ఒక గంట ఆయన పైకి వెళ్లారు, నేను కారులో చుక్కతో కూర్చున్నాను. తర్వాత నేను వెళ్లాను. కొండ నిజంగా కళ్లు తిప్పుకోనివ్వలేదు, కానీ పక్కన చెప్పుకోవడానికి మనిషి లేడు. ఆ నియమం మాత్రం సరైనదే. కాస్కేడ్ ఎర్ర నక్కలు బతికే చోటు అది, కుక్క వాసన కూడా వాటికి ఇబ్బందే. రెయినియర్‌కి వెళ్లేవాళ్లు కుక్కని ఎవరికైనా అప్పజెప్పి ఇద్దరూ కలిసి వెళ్లండి. కుక్కతోనే వెళ్లాలనుకుంటే నేషనల్ ఫారెస్ట్ భూములు చూసుకోండి. పేర్లు ఒకేలా వినిపించినా రెండింటి నియమాలూ వేరు. ఫారెస్ట్ భూముల్లో చాలాచోట్ల లీష్‌తో కుక్కల్ని రానిస్తారు.

అలా దొరికిన మొదటి చోటు గోల్డ్ క్రీక్. స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దాటగానే, ఐ-90 హైవే పక్కనే ఉంటుంది. చలికాలంలో అక్కడ కారు ఆపాలంటే స్నో-పార్క్ పర్మిట్ కావాలి. ఒక్కరోజుకైనా తీసుకోవచ్చు, సీజన్ మొత్తానికైనా తీసుకోవచ్చు. పార్కింగ్‌లో మంచు తీసేది ఆ డబ్బుతోనే. శనివారం పొద్దున తొమ్మిదింటికే బళ్లు నిండిపోయి వెనక్కి వచ్చేశాం, మళ్లీ మంగళవారం వెళ్తే హాయిగా దొరికింది. బాట దాదాపు చదునే, స్నోషూలు కొత్తవాళ్లకి చక్కగా సరిపోతుంది. అక్కడి చెరువు హైవే కోసం కంకర తవ్విన గుంటలో ఏర్పడిందంటే నమ్మబుద్ధి కాదు, చుట్టూ తెల్లటి కొండలతో అంత బాగుంటుంది. చెరువు మీద మంచు పరుచుకుని నేలలాగే కనిపిస్తుంది, కింద ఐసు ఎంత మందం ఉందో పైనుంచి తెలియదు. చుక్క రెండుసార్లు అటు లాగింది. అక్కడ మాత్రం లీష్ పొట్టిగా పట్టుకోవాలి. చెరువు దాటి లోయ పైకి వెళ్లేకొద్దీ పక్కవాలుల నుంచి మంచు చరియలు జారిపడే దారులున్నాయి, అందుకని మేం చెరువు దగ్గరే ఆగిపోయాం.

ఆ రోజు రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. మొదటిది అద్దెకు తెచ్చిన స్నోషూలు. దుకాణంలో నా బరువొక్కటే అడిగి ఓ జత చేతిలో పెట్టారు. మోసే సంచి బరువు అడగలేదు, ఎలాంటి మంచులోకి వెళ్తున్నామో కూడా అడగలేదు. సైజు చూసేటప్పుడు మనిషి బరువుకి సంచి బరువు కూడా కలపాలి. మంచు మెత్తగా, లోతుగా ఉంటే ఇంకాస్త పెద్దవి కావాలి. నా కాలు ప్రతి నాలుగో అడుగుకీ మోకాలి దాకా దిగబడింది. సగం దారిలో ఎడమ కాలి పట్టీ తెగింది. మా ఆయన తాడుతో కట్టి ఎలాగో నడిపించారు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పట్టీ డబ్బులు నా దగ్గరే అడిగారు, నాకు చాలా బాధ కలిగింది. రెండోసారి వేరే చోట తీసుకున్నాం. అక్కడి అమ్మాయి పట్టీలన్నీ మా ముందే లాగి చూపించింది, మడమ కింద లేపుకునే కమ్మీ ఎలా వాడాలో నేర్పింది. ఏటవాలు ఎక్కేటప్పుడు ఆ కమ్మీ లేపుకుంటే పిక్కలకి ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను.

రెండో ఇబ్బంది చుక్కది. కాస్కేడ్ల పడమటి వైపు, ఈ కనుమ చుట్టుపక్కలా మంచు తడిగా, బరువుగా ఉంటుంది. పసిఫిక్ సముద్రం మీంచి వచ్చే మేఘాలు ముందు ఆ వాలుల మీదే కురుస్తాయి, పైగా చలి కూడా అక్కడ మరీ గట్టిగా ఉండదు. ఆ తడి మంచు కుక్క కాలివేళ్ల మధ్య వెంట్రుకలకి పట్టుకుని గోలీల్లా గడ్డకడుతుంది. గంట నడిచాక చుక్క ముందుకాలు ఎత్తిపట్టి నిలబడిపోయింది. చూస్తే నాలుగు పాదాల్లోనూ మంచు గోలీలే. లాగితే వెంట్రుకలు ఊడి ఏడుస్తుంది కాబట్టి, చేతి తొడుగులు తీసి అరచేతుల్లో పాదం పెట్టుకుని కరిగించాను. ఆ తర్వాత నుంచి బయల్దేరే ముందు వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరిస్తున్నాం, పాదాలకి మైనం పూస్తున్నాం. మొదట బూట్లు తొడిగితే మెత్తటి మంచులో రెండు జారిపోయి దొరకనే లేదు. గట్టిపడిన, గరుకు మంచులో బూట్లే మేలు, మెత్తటి మంచులో మైనమే మేలు అన్నది మా అనుభవం.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి ఉంది. స్నోషూల అడుగున ఇనుప పళ్లుంటాయి. కుక్క మన కాళ్లలో కాళ్లు పెట్టి నడిస్తే దాని పాదం చీరుకుపోతుంది. వెనకాల నడిస్తే మన స్నోషూ తోక మీద కాలేసి మనల్ని పడేస్తుంది. మేం ఇప్పుడు వరసలో నడుస్తున్నాం. ముందు ఆయన మంచు తొక్కుకుంటూ వెళ్తారు, వెనక నేను. చుక్క మా ఇద్దరి మధ్య, నా నడుముకి కట్టిన లీష్‌తో, ఇద్దరికీ రెండేసి గజాల ఎడంలో నడుస్తుంది. ఆయన తొక్కిన దారిలో దాని కాళ్లు కూడా దిగబడవు.

మేం వెళ్లిన మూడో చోటు మౌంట్ బేకర్ దగ్గరి ఆర్టిస్ట్ పాయింట్. 1998-99 సీజన్‌లో బేకర్ స్కీ ఏరియాలో 1,140 అంగుళాల మంచు కురిసి ప్రపంచ రికార్డు అయింది. షుక్సాన్ కొండ ఎదురుగా నిలబడి ఉంటుంది. నేను చూసిన కొండల్లో అంత గంభీరమైనది ఇంకోటి లేదు. బయల్దేరే ముందు, మంచు చరియల ప్రమాదం గురించి హెచ్చరించే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సూచన చూస్తే ప్రమాద స్థాయి 3 అని ఉంది. ఉండేవి 5 స్థాయులు కాబట్టి 3 అంటే మధ్యస్థం అనుకుంటాం, కానీ మనుషుల బరువుకి మంచు చరియలు విరిగిపడే అవకాశం ఎక్కువని దాని అర్థం. పైకి ఎక్కే దారిలో నిలువుగా ఉన్న వాలులున్నాయి. "ఇంకొంచెం వెళ్లి చూద్దామా?" అన్నాను. ఆయన చేతికర్రతో మంచులో గుచ్చి చూసి, "వద్దు, కింద మెత్తగా ఉంది, పైన పలకలా ఉంది. ఇవాళ్టికి ఇక్కడే తిరుగుదాం" అన్నారు. కింద చదునులోనే రెండు గంటలు తిరిగాం. చుక్క దొర్లింది, తవ్వింది, ముక్కు మంచులో పెట్టి తుమ్మింది. శిఖరం మేమిద్దరం చూశాం, దానికి ఆ మంచు చాలు.

ఆ రాత్రి దిగిన బస మాత్రం బాగోలేదు. కుక్కలకి అనుమతి ఉందనే రాశారు, కానీ గది రెండో అంతస్తులో ఇచ్చారు. తడి బూట్లు ఆరబెట్టే చోటు లేదు. మెట్ల ముందు ఐసు కరగడానికి ఉప్పు బాగా చల్లారు. ఆ ఉప్పు పాదాలకి మంట పుట్టిస్తుంది, కుక్క నాకితే కడుపు కూడా చెడుతుంది. రాత్రి నాలుగుసార్లు దాన్ని కిందికి తీసుకెళ్లాం, ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లతో కాళ్లు కడిగాం. గదిలో కుక్కని ఒంటరిగా వదలకూడదన్న నియమం దిగాక చెప్పారు. బుక్ చేసే ముందే ఇవన్నీ ఫోన్ చేసి అడగాలి: ఏ అంతస్తు, బూట్లు ఎక్కడ ఆరేస్తారు, కుక్కని ఒంటరిగా ఉంచనిస్తారా, గుమ్మం ముందు ఏం చల్లుతారు.

అన్నిటిలోకీ మా ముగ్గురి మనసూ దోచుకున్నది మెథో లోయ. అక్కడికి నేరుగా వెళ్లే నార్త్ కాస్కేడ్స్ హైవేని చలికాలంలో మూసేస్తారు. అందుకని స్టీవెన్స్ పాస్ మీదుగా వెనాచీ ఊరు వెళ్లి, కొలంబియా నది వెంట ఉత్తరానికి మళ్లి వెళ్లాలి. దూరం ఎక్కువే, కనుమ మీద టెన్షన్ కూడా పడ్డాం. కానీ కొండల తూర్పు వైపు దిగగానే మంచు మారిపోయింది. పడమటి వైపే మేఘాలు తడంతా వదిలేస్తాయి కదా, ఇక్కడిది పొడి మంచు, చేత్తో తీస్తే పిండిలా రాలిపోతుంది. మూడు గంటలు నడిచినా చుక్క పాదాల్లో ఒక్క గోలీ కట్టలేదు.

ఆ లోయలో మెథో ట్రైల్స్ అనే సంస్థ 200 కిలోమీటర్లకు పైగా బాటలు యంత్రంతో చదును చేసి ఉంచుతుంది. కుక్కల్ని అన్నిటి మీదికీ రానివ్వరు, వాటికంటూ కొన్ని బాటలు కేటాయించారు. మనకి పాస్ ఉన్నట్టే కుక్కకీ విడిగా పాస్ తీసుకోవాలి. మొదట అది విని ఆశ్చర్యపోయాను, తర్వాత ఎంత న్యాయమో అర్థమైంది. ఎదురొచ్చే స్కీయర్లు చుక్కని చూసి ముఖం చిట్లించుకోలేదు, ఆగి పలకరించారు. మనం పాటించాల్సినవీ ఉన్నాయి. స్కీల కోసం గీసిన జంట గాడుల మీద స్నోషూ పెట్టకూడదు, ఒకసారి తొక్కితే ఆ రోజంతా అవి పాడే. బాట అంచునే నడవాలి. కుక్క మలం ఎత్తి సంచిలో వేసుకోవాలి, మంచులో కప్పేస్తే వసంతంలో అంతా బయటపడుతుంది. మేం బిగ్ వ్యాలీ బాట తీసుకున్నాం. నది పక్కన, ఆకులు రాలిన కాటన్‌వుడ్ చెట్ల మధ్య చదునుగా సాగుతుంది. మ్యూల్ జింకలు చలికాలం ఆ లోయలోనే గడుపుతాయి. ఆకలి కాలంలో వాటిని పరుగెత్తిస్తే ఉన్న శక్తి కాస్తా పోతుంది. వాటిని చూసి చుక్క చెవులు నిక్కబొడుచుకుంది గానీ లీష్ నా నడుముకి కట్టి ఉండటంతో నన్ను వదిలి పోలేకపోయింది.

అక్కడ దిగింది చిన్న కొయ్య ఇల్లు. తలుపు తీయగానే రాతి పలకల నేల, కింద వేడి, బూట్లకి చువ్వలు, కుక్కకంటూ పాత తువ్వాళ్ల బుట్ట. ఆ తువ్వాళ్లు పెట్టాలని తోచిన మనిషికి కుక్క ఉండే ఉంటుంది. చుక్క పాదాలు తుడిపించుకుని, పొయ్యి ముందు వెల్లకిలా పడి, నాలుగున్నరకే చీకటి పడిన ఆ సాయంత్రం నుంచి పొద్దున దాకా కదల్లేదు. ఫిబ్రవరిలో మళ్లీ అదే ఇల్లు మూడు రాత్రులకి చెప్పి ఉంచాం. మైనం డబ్బా అయిపోవచ్చింది, కొత్తది తెచ్చుకోవాలి.