విద్యార్థి పరిశోధన డేటా: తన దగ్గరా, విభాగం దగ్గరా, బహిరంగ భాండాగారంలోనా – ఏది మేలు?

ఒక ఎం.ఎస్సీ. ప్రాజెక్టు గానీ పీహెచ్‌డీ గానీ ముగిసినప్పుడు విశ్వవిద్యాలయం జాగ్రత్తగా దాచేది థీసిస్‌ను. బైండు చేయించిన ప్రతి గ్రంథాలయానికి వెళుతుంది. పీహెచ్‌డీ అయితే యూజీసీ నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ ప్రతి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ నిల్వకు చేరుతుంది. ఆ థీసిస్‌లోని పట్టికలకు ఆధారమైన ప్రశ్నావళులు, ఇంటర్వ్యూ రికార్డింగులు, పరికరాల రీడింగులు, విశ్లేషణకు రాసుకున్న కోడ్ ఎక్కడ ఉండాలన్నది మాత్రం తరచుగా ఎవరూ ముందుగా తేల్చరు. విద్యార్థి తన దగ్గరే ఉంచుకోవడం, గైడు ఆధ్వర్యంలో విభాగం భద్రపరచడం, పరిశోధన డేటాను దాచి ఇతరులకు అందించే ఆన్‌లైన్ నిల్వలో, అంటే బహిరంగ డేటా భాండాగారంలో జమ చేయడం అనే మూడు దారులున్నాయి. వీటిని ఖర్చును బట్టి, సౌకర్యాన్ని బట్టి పోల్చడం మామూలే. విద్యార్థి పట్టా తీసుకుని వెళ్లిపోయాక ఆ డేటాకు జవాబుదారీగా ఎవరు మిగులుతారన్న ప్రశ్నను ముందుగా అడిగితే తీర్పు తేలికవుతుందని నా అభిప్రాయం.

సొంత ల్యాప్‌టాప్‌కు ఉన్న బలాన్ని కాదనలేము. పని జరుగుతున్నంత కాలం డేటా చేతికి అందాలి. ఇంటర్నెట్ అందని ఊళ్లో కూడా నమోదు చేసుకునే వీలుండాలి. చిక్కంతా పని ముగిశాక వస్తుంది. మొక్కల, జంతువుల శరీర కొలతలపై వెలువడిన 516 పరిశోధన పత్రాల రచయితలను మూల డేటా ఇమ్మని అడిగి చూసిన ఒక అధ్యయనం 2014లో ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో వచ్చింది. పత్రం వయసు ఏడాది పెరిగినప్పుడల్లా డేటా మిగిలి ఉండే అవకాశాల నిష్పత్తి 17 శాతం చొప్పున పడిపోయిందని, పనిచేసే ఈమెయిల్ చిరునామా దొరికే అవకాశం కూడా ఏటా 7 శాతం చొప్పున తగ్గిందని అందులో తేలింది. అవన్నీ ప్రచురణ దాకా వచ్చిన పనులు. వైవాతోనే ఆగిపోయే విద్యార్థి ప్రాజెక్టుల గతి అంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి కారణమేమీ లేదు.

క్లౌడ్‌లో ఉంది కదా అన్న ధీమాకూ హద్దుంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఖాతా చదువు అయిపోయాక మూతపడవచ్చు. విద్యాసంస్థలకు ఇచ్చిన అపరిమిత నిల్వను గూగుల్ ఆపేసి, 2022 నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్ల పరిమితి పెట్టడంతో పాత విద్యార్థుల ఖాతాలను అలాగే ఉంచడం సంస్థలకు భారమైంది. వ్యక్తిగత ఖాతానైనా రెండేళ్లపాటు వాడకపోతే తొలగించే విధానాన్ని అదే కంపెనీ 2023లో తెచ్చింది. డేటా పోవడం ఒక ప్రమాదమైతే, ఉండకూడని చోట ఉండిపోవడం మరొకటి. ఫోన్‌లో రికార్డు చేసిన ఇంటర్వ్యూ తనంతట తానే వ్యక్తిగత క్లౌడ్‌లోకి చేరుతుంది. పేర్లు, ఫోన్ నంబర్లు, జబ్బుల వివరాలు ఉన్న ఎక్సెల్ షీటు ఎన్ని పెన్‌డ్రైవ్‌లలో, ఎన్ని ఈమెయిళ్లలో మిగిలిపోయిందో కొన్నేళ్లకు ఆ విద్యార్థే చెప్పలేని స్థితి వస్తుంది.

విభాగం దగ్గర ఉంచడంలో ఉన్న మేలు జవాబుదారీతనం. మనుషులపై చేసే పరిశోధనను ముందుగా పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి ఇచ్చేది సంస్థ పేరు మీద. సమ్మతి పత్రంపై వేలిముద్ర వేసిన మనిషి కూడా ఎదురుగా కూర్చున్న కుర్రవాడికంటే ఆ కాగితం మీదున్న విశ్వవిద్యాలయం పేరునే ఎక్కువగా నమ్మి ఉంటాడు. ఫలితాలపై అనుమానం వస్తే మూల రికార్డులు చూపవలసిన బాధ్యతా సంస్థదే. అయితే విభాగం అన్నది చాలాసార్లు గైడు గదిలోని ఒక కంప్యూటరు, ఒక హార్డ్‌డిస్కు మాత్రమే. గైడు రిటైరయ్యాక వాటికీ విద్యార్థి ల్యాప్‌టాప్‌కు పట్టిన గతే పడుతుంది. నిజమైన సర్వర్ ఉన్నా, అదొక్కటే చాలదు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటర్‌లో 2021 డిసెంబరులో బ్యాకప్ ప్రోగ్రాములోనే తప్పు దొర్లి సుమారు 77 టెరాబైట్ల డేటా, దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు చెరిగిపోయాయి. నష్టపోయిన 14 పరిశోధక బృందాల్లో 4 బృందాల డేటా తిరిగి రాలేదు. కాపాడడానికి పెట్టుకున్న ఏర్పాటే తుడిచిపెట్టిన ఉదంతమిది. మూడు ప్రతులు ఉంచాలని, వాటిలో కనీసం ఒకటి వేరే ఊళ్లోనో వేరే భవనంలోనో ఉండాలని డేటా నిర్వాహకులు పట్టుబట్టేది ఇందుకే.

ఇందులో అధికారానికి సంబంధించిన చిక్కు కూడా ఉంది, దాన్ని బయటకు అనేవారు తక్కువ. ఒక విద్యార్థిని నాలుగేళ్లు పొలాల వెంట తిరిగి సేకరించిన లెక్కలను, ఆమె వెళ్లిపోయాక గైడు తరువాతి విద్యార్థికి అప్పగిస్తే, వెలువడే పత్రంలో ఆమె పేరు ఉండాలా వద్దా? డేటా ఎవరిది, ఎవరు ఏ షరతులతో వాడుకోవచ్చు అన్నది ప్రాజెక్టు మొదట్లోనే ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకాలు చేయకపోతే, విభాగంలో భద్రపరచడం ఆచరణలో గైడుకు ధారాదత్తం చేయడమే అవుతుంది.

బహిరంగ భాండాగారం ఈ లోపాల్లో చాలావాటిని తీరుస్తుంది. ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో అనే భాండాగారంలో ఏ దేశపు విద్యార్థి అయినా ఒక్కో రికార్డుకు 50 గిగాబైట్ల దాకా ఉచితంగా జమ చేయవచ్చు. ప్రతి రికార్డుకూ డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది కాబట్టి, సేకరించిన వారి పేరు డేటాతోనే నిలిచిపోతుంది. దాచిన డేటా ఎంత దూరం పనికివస్తుందో చూడడానికి పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మంచి ఉదాహరణ. ఆ సంస్థ 1975లో మొదలుపెట్టిన గ్రామస్థాయి అధ్యయనాల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు ఉన్నాయి. పంట నష్టం వచ్చిన ఇంటి భారాన్ని ఊరు ఎంతవరకు పంచుకుంటుందన్న ప్రశ్నపై ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో ప్రచురించిన పత్రానికి, ఔరేపల్లితో సహా ఆ గ్రామాల లెక్కలే ఆధారం. మొదట ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకున్నవారు ఊహించని ప్రశ్నలకు కూడా ఆ డేటా జవాబిచ్చింది. విద్యార్థుల డేటా అంతా ఈ స్థాయిదని నేను అనను. కానీ ఏది ఆ స్థాయిదో ముందే చెప్పగలిగినవారూ లేరు.

అలాగని అన్నిటినీ బహిరంగంగా పెట్టమనడం తప్పు. పేర్లు తీసేశాం కదా అన్న సమాధానం మన పల్లెల్లో నిలవదు. ఊరు, కులం, వయసు, వృత్తి – ఈ నాలుగు గడులు మిగిలితే చాలు, అంగన్‌వాడీ టీచరు ఎవరో, భర్త చనిపోయిన కౌలు రైతు ఎవరో ఆ మండలంలో ఎవరైనా చెప్పేస్తారు. ఒకసారి బయటివారు దించుకున్న ఫైలును వెనక్కి రప్పించలేము. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇచ్చినా, ఆ డేటాతో ఒక వ్యక్తిపై నిర్ణయాలు తీసుకోకూడదని, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలని షరతు పెట్టింది. జెనోడో, డేటావర్స్ వంటి భాండాగారాల్లో డేటా గురించిన వివరం మాత్రం అందరికీ కనిపించేలా, ఫైలు అడిగినవారికే అందేలా పరిమితం చేసే వీలుంది. సర్వే డేటాకు ఇది తగిన మార్గం. ఇంటర్వ్యూల మూల ఆడియోను మాత్రం ఆ మార్గంలో కూడా పంపకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే గొంతుకు ముసుగు వేయడం పేరు చెరిపినంత సులభం కాదు.

ఎన్నేళ్లు ఉంచాలన్నది విడిగా తేల్చుకోవలసిన సంగతి. మన దేశంలో మందులను మనుషులపై పరీక్షించే క్లినికల్ ట్రయల్స్‌కు సంబంధించిన 2019 నాటి నిబంధనలు ఎథిక్స్ కమిటీ రికార్డులకు, ట్రయల్ ముగిశాక అయిదేళ్ల గడువు పెట్టాయి. జర్మనీ పరిశోధన నిధుల సంస్థ డీఎఫ్‌జీ పదేళ్లు ఉంచాలంటుంది. ఆస్ట్రేలియా 2007లో తెచ్చిన నియమావళి తరగతుల వారీగా చెప్పింది: మామూలుగా ప్రచురణ తేదీ నుంచి అయిదేళ్లు, చాలా క్లినికల్ ట్రయల్స్‌కు 15 ఏళ్లు, మార్కుల కోసమే చేసిన విద్యార్థి ప్రాజెక్టు అయితే ముగిశాక 12 నెలలు చాలవచ్చు. అందరికీ ఒకే పదేళ్లు అనడంకంటే ఈ పద్ధతే మన విశ్వవిద్యాలయాలకు నప్పుతుంది, ఎందుకంటే పాటించలేని గడువు పెడితే పాటించగలిగిన వాటిని కూడా ఎవరూ పట్టించుకోరు. ఒక్క జాగ్రత్త అవసరం: ఆ ప్రాజెక్టు నుంచి ఒక పత్రం వెలువడితే 12 నెలల లెక్క చెల్లదు, అయిదేళ్ల లెక్క మొదలవుతుంది.

కాబట్టి ప్రయోగశాల రీడింగులు, నేల నమూనాల ఫలితాలు, కోడ్ వంటి మనుషులతో సంబంధం లేని డేటాకు భాండాగారమే మేలు. థీసిస్ సమర్పించే రోజుకే డీఓఐ సిద్ధంగా ఉండాలి. సర్వేలకు గుర్తింపు వివరాలు తీసేసిన ఫైలు భాండాగారంలో పరిమిత ప్రవేశంతోనూ, పేర్ల జాబితా విభాగం దగ్గర వేరే తాళం కిందా ఉండడం మంచిది. ఆడియో, రోగుల రికార్డులు పూర్తిగా సంస్థ అధీనంలో, గడువు తేదీ రాసి ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఉన్నది పనికోసం ఉంచుకున్న ప్రతి మాత్రమే. ఇది అమలుకు రావాలంటే కొత్త కమిటీ అక్కర్లేదు. సర్టిఫికెట్లు ఇచ్చేముందు హాస్టల్, గ్రంథాలయం, ప్రయోగశాల సంతకాలు చేసే నో డ్యూస్ పత్రంలో మరో వరుస చేర్చి, డేటా ఎక్కడుంది, ఏ గడి దేన్ని సూచిస్తుందో చెప్పే వివరణ ఫైలు ఉందా, ఎప్పుడు చెరపాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాయించుకుని విభాగాధిపతి సంతకం చేస్తే సరిపోతుంది.