టేకు చేప తోలు పర్సు: రెండేళ్లు వాడాక

బందరులో పుట్టి పెరిగినవాణ్ని, నాకు టేకు చేప (ఇంగ్లీషులో స్టింగ్‌రే) అంటే ఇగురే. దాని తోలుతో పర్సులు చేస్తారని రెండేళ్ల కిందట బ్యాంకాక్ వెళ్లేదాకా తెలీదు. అక్కడ చతుచక్ వీకెండ్ మార్కెట్‌లో ఒక చిన్న కొట్టు ముందు నల్లటి పర్సొకటి మెరుస్తుంటే ఆగాను. 1800 బాత్ అంది కొట్టావిడ, బేరమాడితే 1100కి దిగింది, మన డబ్బుల్లో రెండున్నర వేల పైచిలుకు. ఇంటికొచ్చి అమ్మకి చూపిస్తే "కూర వండుకునేదాన్ని జేబులో పెట్టుకు తిరుగుతావా, వాసన రాదట్రా?" అంది. రాదు. చూసినవాళ్లందరూ మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

చేత్తో పట్టుకుంటే అది తోలులా ఉండదు. చల్లగా, గట్టిగా, సన్నటి గాజు పూసలు దగ్గరదగ్గరగా పొదిగినట్టు ఉంటుంది. ఆ పూసలు నిజానికి పళ్లలాంటివే. సొర, టేకు జాతి చేపల ఒంటి మీద ఉండే పొలుసులు మన పళ్ల తరహాలోనే తయారవుతాయి, లోపల డెంటిన్ అనే గట్టి పదార్థం, పైన ఎనామిల్ లాంటి పూత. అందుకే కొట్టావిడ నా కళ్ల ముందే తాళంచెవితో బరబరా గీకి చూపించింది, గీత పడలేదు. జపాన్‌లో సమురాయ్ కత్తుల పిడికి ఈ చర్మమే చుట్టేవాళ్లు, పైన కట్టిన తాడు జారకుండా ఆ గరుకు పట్టి ఉంచుతుందని. 18వ శతాబ్దంలో పారిస్‌లో గలుషా అనే తోలు పనివాడు దీంతో పెట్టెలూ ఒరలూ చేసి ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, ఫ్రెంచి వాళ్లు ఈ తోలుకి ఆయన పేరే పెట్టేశారు.

కొన్నాక ఆగలేక, దీన్ని ఎలా పదును చేస్తారో తెలుసుకున్నా. మన ఊళ్లలో లందల్లో సున్నం, తంగేడు చెక్క వేసి పశువుల తోళ్లు పదును చేసేవాళ్లు కదా, వరస కొంచెం అలాంటిదే. ముందు ఉప్పు పట్టించి కుళ్లకుండా ఆపుతారు, తర్వాత నానబెట్టి, సున్నపు నీళ్లలో వేసి, అంటుకున్న మాంసం, జిగురు గీకేస్తారు, ఆ తర్వాత యాసిడ్, ఉప్పు కలిపిన నీళ్లు, ఆ పైన క్రోమియం లవణాలు. యాసిడ్ దగ్గర అజాగ్రత్తగా ఉంటే పూసలకే ముప్పు, అవి కాల్షియం కాబట్టి. తమాషా ఏంటంటే కైమాన్ మొసలి తోలుకి ఇది తిరగబడుతుంది. దాని పొట్ట మీది పొలుసుల్లో ఎముక పలకలుంటాయి, వాటిని మెత్తబరచడానికి యాసిడ్‌లో కావాలనే పెడతారు.

నాకు బాగా నచ్చింది ఆఖర్న చేసే పని. రంగు వేసి ఆరబెట్టిన తోలుని సానబెడతారు. రంగు పూస పైపైనే పడుతుంది, లోపలికి దిగదు, అందుకని పైభాగం అరిగేకొద్దీ లోపలి తెలుపు బయటపడుతుంది, పూసల మధ్య సందుల్లో మాత్రం నలుపు ఉండిపోతుంది. పాత ఇళ్లలో మొజాయిక్ గచ్చుకి మెషిన్‌తో పాలిష్ పట్టేటప్పుడు రాళ్లు బయటపడేవి చూడండి, సరిగ్గా అదే. నా పర్సు అలా పాలిష్ పట్టిన రకం. సానపెట్టకుండా గుండ్రటి పూసలు అలాగే వదిలేసిన రకం కూడా దొరుకుతుంది, అది ఒట్టి నలుపు.

పర్సు మధ్యలో పెద్ద తెల్ల పూసలు కొన్ని ముత్యాల్లా ఉంటాయి. కొట్టావిడ దాన్ని "కన్ను" అంది, అదృష్టం తెస్తుందట. కన్నూ కాదు ఏమీ కాదు, చేప వీపు నడిమధ్యలో ఉండే పెద్ద పూసలు అవి. (అదృష్టం సంగతికొస్తే, పర్సులో డబ్బు ఎప్పటిలాగే నెలాఖరుకి ఉండట్లేదు.) నకిలీల్లో ఆ ముత్యాలు విడిగా అతికిస్తారు, మిగతా పూసలన్నీ ఒకే సైజులో ఉంటాయి. అసలుదానిలో మధ్య నుంచి అంచులకి వెళ్లేకొద్దీ పూస చిన్నదవుతుంది.

ఇక గోడు. చేప తోలుకి రెండేళ్లలో ఏమీ కాలేదు, గీత లేదు, మచ్చ లేదు. పోయింది మిగతాదంతా. పూసలున్న చోట తోలు మడత పడదు కాబట్టి మడత దగ్గర పూసల్ని బాగా అరగదీసేశారు, అక్కడ బలం లేదు. ఎనిమిదో నెలలో ఆ మడత పక్కనే దారం తెగింది. పూసకి పడిన సూది రంధ్రం అంచు బ్లేడులా ఉంటుంది, పర్సు తెరిచి మూసినప్పుడల్లా దారాన్ని కొంచెం కొంచెం కోస్తుంది. అమీర్‌పేటలో మా ఆఫీసు దగ్గర చెప్పులు కుట్టే ఆయనకిస్తే రెండు సూదులు విరిగాయి, "ఇది తోలా రాయా సార్" అని నా మొహం చూశాడు. చివరికి పూసల జోలికి పోకుండా అంచు చుట్టూ ఉన్న ఆవు తోలులో మాత్రమే కుట్టాడు, సూదుల డబ్బులు కూడా ఇచ్చా. వాటర్‌ప్రూఫ్ అన్న మాట కూడా సగమే నిజం. పూసల మీద నీళ్లు నిలవవు గానీ, లోపలి లైనింగ్ ఒక వానాకాలానికే బూజు పట్టింది.

అందుకని కొనేవాళ్లు ముత్యాలు చూసి మురిసిపోకండి, తెరిచి మడత చూడండి. అంచుల్లో ఆవు తోలు పట్టీ ఉందా, కుట్టు దాని మీద పడిందా, పూసల్లోంచి పోయిందా అని చూడండి. అదే కొట్లో మొసలి తోలు పర్సులు కూడా చూపించారు, నేను ముట్టుకోలేదు. మొసలి జాతులన్నీ సైటిస్ (అడవి జంతువులు, మొక్కల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాలో ఉన్నాయి, కాగితాల్లేకుండా తెచ్చి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకి జవాబు చెప్పుకునే టెన్షన్ నాకొద్దు.

చేపకి ఐదుకి ఐదు, కుట్టుకి రెండు. మళ్లీ వెళ్తే మడత లేని కార్డ్ హోల్డర్ తెచ్చుకుంటా. అమ్మ మాత్రం ఇప్పటికీ పర్సు చేతికిస్తే ముందు వాసన చూసే తెరుస్తుంది.