కొత్త కోచ్‌కి మంచి మార్కులే, కోర్టుకి మాత్రం కాదు
వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ వైపు, సీజన్‌కి ముందు కాలేజీ ప్లేయర్ల కోసం పెట్టే బాస్కెట్‌బాల్ క్యాంపు గురించి ఇది. ఈసారి హెడ్ కోచ్ మారారు. మొదటి వారమంతా షూటింగ్ జోలికే పోనివ్వలేదు. డిఫెన్స్‌లో కాళ్లు కదపడం, స్క్రీన్ పెట్టడం (మనవాడికి దారి దొరికేలా అవతలి డిఫెండర్‌కి అడ్డంగా నిలబడటం), వెనక్కి పరిగెత్తడం, అంతే, విసుగొచ్చేసింది కానీ ప్రాక్టీస్ మ్యాచ్‌లో తేడా తెలిసింది. నాకు బాగా నచ్చింది షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక షాట్ కొట్టడానికి ఇచ్చే 24 సెకన్ల గడువు) పెట్టి ఆడించడం. బంతి రింగుకి తగిలి మళ్లీ మనకే దొరికితే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) రూల్ ప్రకారం 24 కాదు, 14 సెకన్లే వస్తాయి, ఈ సంగతి ప్లేయర్లందరికీ తెలుసు, అయినా ఆ 14లో పాస్ ఇచ్చి ఇంకో షాట్ కొట్టమంటే సీనియర్లు కూడా కంగారుపడిపోయారు. సీనియర్ అని మొహమాటం లేదు, వెనక్కి పరిగెత్తకపోతే బెంచీకే.

కోర్టు సంగతి వేరు. సిమెంటు నేల, మోకాళ్లు పట్టేస్తాయి. సముద్రపు గాలికి రింగులు తుప్పుపట్టాయి, ఒకవైపు నెట్టే లేదు. వైజాగ్ ఉక్కపోతలో పది నిమిషాలకే జెర్సీ పిండుకోవాలి, అలాంటిది మంచినీళ్ల క్యాన్ చాలాసార్లు ఖాళీ! ఫీజు తీసుకున్నాక ఈమాత్రం చూసుకోవాలి కదండీ.

కోచింగ్‌కి 5కి 4, వసతులకి 2. చేరేవాళ్లు నీళ్ల బాటిల్ తెచ్చుకోండి, వీలైతే పొద్దున బ్యాచ్ అడగండి.