వేలంలో 1939 రూపాయి: బెంగళూరుకు తెప్పించే ముందు

రేటింగ్: అయిదుకు ఒకటి, అదీ ప్యాకింగ్‌కే. ఆన్‌లైన్ వేలాల్లో తక్కువ ధరకు దొరికే ఆరో జార్జ్ 1939 వెండి రూపాయిని నమ్మకండి. అసలుది చాలా అరుదు.

అసలు బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. నకిలీ బరువు కూడా కొన్నిసార్లు సరిపోతుంది, అందుకే నీళ్ల పరీక్ష తప్పదు. 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగు, గోడ తగలకుండా ముంచండి. దాదాపు 1.13 గ్రాములు చూపాలి. 1.34 వస్తే అది జర్మన్ సిల్వర్ (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) లాంటి నకిలీ లోహమే. బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, దులిపి మళ్లీ ముంచండి.

అసలు మోసం వేరే ఉంది: మామూలు 1938 రూపాయిలో 8ని చెక్కి 9 చేస్తారు. వెండి నిజమే కాబట్టి చిక్‌పేటలో గీటురాయి మీద గీసినా పట్టుబడదు. పది రెట్ల భూతద్దంలో ఆ అంకె చుట్టూ గీతలు, పల్లం కనిపిస్తాయి. తేదీ దగ్గరి ఫొటో అడగండి. ఇవ్వకపోతే పాట పాడకండి.

రాముడి బొమ్మతో 1818 ఈస్టిండియా అణా అయితే చూడనక్కర్లేదు, కంపెనీ అలాంటి నాణెం ముద్రించనే లేదు.