మియాజాకి మామిడి మొక్క కొనేవాళ్లు జాగ్రత్త

మిద్దె తోట మిత్రులకు హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ నుంచి రెండు మామిడి అంట్లు తెప్పించాను. ఒకటి 'ఇర్విన్', 450 రూపాయలు. ఇంకోటి 'జపాన్ మియాజాకి', 2,600. నీళ్లు పోస్తుంటే రెండోదాని మెరిసే ట్యాగ్ తడిసి ఊడింది. దాని కింద పాత ప్లాస్టిక్ పట్టీ మీద మార్కర్‌తో రాసి ఉంది: ఇర్విన్. ఫోన్ చేస్తే "మేడం, జనం ఆ పేరుతోనే అడుగుతున్నారు" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వనన్నారు. వాళ్ల లిస్టులో 'సూర్యుడి గుడ్డు' అని మూడో పేరు కూడా ఉంది, ఫోటో మాత్రం అదే!

మియాజాకి అనేది రకం పేరు కాదు, జపాన్‌లో క్యూషూ దీవిలోని ఒక ప్రాంతం. అక్కడ గ్రీన్‌హౌసుల్లో ఎక్కువగా పండించేది ఇర్విన్ రకమే. అది పుట్టింది అమెరికాలోని ఫ్లోరిడాలో. మియాజాకి పండ్లలో కనీసం 350 గ్రాముల బరువు, బ్రిక్స్ అనే తీపి కొలతలో 15 డిగ్రీలు, మంచి ఎరుపు ఉన్నవాటికే 'తైయో నో తమాగో' (అంటే 'సూర్యుడి గుడ్డు') అనే బ్రాండు ముద్ర పడుతుంది. చెట్టునే మగ్గి రాలే పండు నేల తగలకుండా కాయకాయకీ వల కడతారు. వార్తల్లో చూసే ఆ భారీ ధరలు ఆ శ్రమకీ, ఆ ముద్రకీ, వేలంపాటకీ. అంటుకి కాదు.

సాగు రకాల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. పేరును మన లిపిలో రాసుకోవచ్చు, అర్థం చూసి అనువదించకూడదు. అనువదిస్తే అది అమ్మకం పేరే తప్ప రకం పేరు కాదు.

గులాబీల్లోనూ ఇదే గోల. 'పీస్' అనే గులాబీ అసలు పేరు 'మదామ్ ఎ. మెయాఁ'. ఫ్రాన్స్‌లో దాన్ని సృష్టించిన ఫ్రాన్సిస్ మెయాఁ తన తల్లి పేరు పెట్టుకున్నాడు. జర్మనీలో అదే 'గ్లోరియా డేయి', ఇటలీలో 'జోయా'. కొత్త రకమనుకుని తెప్పించుకుంటే ఇంట్లో ఉన్న పీస్ పక్కనే ఇంకో పీస్ పూస్తుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ తల్లి పేరు ట్యాగుల మీద నుంచి మాయమైపోవడం నాకు ఇంకా బాధ.

కొనేముందు "రకం పేరు ఏంటి?" అని సూటిగా అడగండి. ఊరి పేరో బ్రాండు పేరో చెబితే ఒప్పుకోవద్దు. అసలు పేరు బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే డబ్బు కట్టకండి. పార్సిల్ విప్పగానే ట్యాగ్‌కి రెండు వైపులా ఫోటో తీసి ఉంచుకోండి, ముఖ్యంగా కింద ఇంకో పట్టీ ఉంటే.